కనిపించకుండా పోయిన పదకొండు వరుసలు

2018 వేసవి. నల్గొండలో ఒక మందుల షాపు పైఅంతస్తులో చిన్న గది కిరాయికి తీసుకుని వెబ్‌సైట్లు తయారు చేసేదాన్ని. నాకు పని ఇచ్చేవాళ్లు ఎక్కువగా స్కూళ్లవాళ్లు, ఫంక్షన్ హాళ్లవాళ్లు. ఆ ఏడు దేవరకొండ వైపు ఊళ్లలో బోరు నీళ్లు పరీక్షిస్తున్న ఒక స్వచ్ఛంద సంస్థ, ఫలితాల కోసం ఒక పేజీ చేసిపెట్టమంది.

పని పెద్దదేం కాదు. పేజీలో ఒక పట్టిక, ఊరి బోరుకు ఒక వరుస. ఫ్లోరైడ్ హద్దు దాటిన వరుసలకు ‘రెడ్’ అని, మిగతావాటికి ‘గ్రీన్’ అని క్లాస్ పెట్టాను. క్లాస్ అంటే వరుసకు మనం తగిలించే గుర్తు. చదివేవాళ్లకు ఆ పేరు కనపడదు, ప్రోగ్రాముకు తెలుస్తుంది. పైన ‘తాగకూడనివి’ అనే బటన్ నొక్కితే, జావాస్క్రిప్ట్‌లో నేను రాసిన నాలుగు లైన్లు ప్రతి వరుస క్లాసూ చూసి, ‘రెడ్’ కానివాటిని దాచేస్తాయి. మిగిలిన జాబితాను బట్టి సంస్థవాళ్లు ఏయే ఊళ్లకు మంచినీళ్ల ట్యాంకర్ పంపాలో నిర్ణయించేవారు.

నెల తర్వాత వాళ్ల కోఆర్డినేటర్ ఫోన్ చేసి, రెండోసారి పరీక్షించిన బోర్లు వేరుగా కనపడాలన్నాడు. ఆ వరుసలకు ‘రీటెస్ట్’ అనే రెండో క్లాస్ కూడా కలిపి, పసుపు అంచు వచ్చేలా చేశాను. పది నిమిషాల పని. బటన్ నొక్కి చూస్తే జాబితా వచ్చింది. అంతటితో వదిలేశాను.

మూడు వారాలకు, ఒక మధ్యాహ్నం, యాదమ్మ అనే అంగన్‌వాడీ టీచర్ నా గదికి వచ్చింది. దేవరకొండ అవతలి పల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చిందట. చేతిలో ఆ జాబితా ప్రింటు ఉంది.

“మేడం, గీ కాయితం మీరు చేసిన పేజీల నుంచే తీసిండ్రట గదా?”

అవునన్నాను.

“ఇండ్ల మా ఊరి పేరు లేదు. ముందుగాల ఉండె, ట్యాంకర్ గూడ వచ్చేది. ఇప్పుడు పేరు పోయిందని ట్యాంకర్ బంద్ జేసిండ్రు. మావోళ్లేమో నీళ్లు మంచిగైనయని మళ్ల బోరు నీళ్లే తాగుతున్నరు. పోరగాండ్ల పండ్ల మీది పచ్చ మరకలు జూస్తే నాకు నమ్మబుద్ధి అయితలేదు.”

“సంస్థోళ్లను అడిగిండ్రా అక్కా?”

“అడిగిన. కంప్యూటర్ల గట్లనే వస్తాంది, మేమేం జేస్తం అన్నరు. గందుకే కంప్యూటర్ల పెట్టినోళ్ల దగ్గరికే వచ్చిన.”

ఆమెను కూర్చోబెట్టి పేజీ తెరిచాను. మొత్తం పట్టికలో ఆమె ఊరు ఉంది, పసుపు అంచుతో. ఫ్లోరైడ్ అంకె హద్దుకు చాలా పైన ఉంది. బటన్ నొక్కగానే ఆ వరుస మాయమైంది.

వరుస క్లాస్ ‘రెడ్’ అనే మాటతో అచ్చంగా సమానమా అని నా ప్రోగ్రాం చూస్తోంది. రెండో గుర్తు కలిశాక అది ‘రెడ్ రీటెస్ట్’ అయింది. సమానం కాదు కాబట్టి దాచేసింది. ఎన్ని గుర్తులున్నా అందులో ‘రెడ్’ ఉందా అని అడగడానికి క్లాస్‌లిస్ట్ అనే సదుపాయం ఉంది. నేను మొదట్నుంచీ వాడాల్సింది అదే. ఒక్క లైను మార్చాను. జాబితాలోకి పదకొండు ఊళ్లు తిరిగి వచ్చాయి. మొదటి పరీక్షలో అంకె నమ్మలేనంత ఎక్కువ వచ్చినందుకే వాటిని రెండోసారి పరీక్షించారు. అన్నిటికన్నా చెడ్డ నీళ్లున్న ఊళ్లనే నేను దాచిపెట్టాను.

“తప్పు నాదే అక్కా. మీ నీళ్లు మంచిగ కాలేదు” అన్నాను.

ఆమె తెర మీది తన ఊరి పేరుపై వేలు పెట్టింది. “ఇరవై దినాలు తాగిండ్రు మేడం” అంది. “మీరే వచ్చి మా ఊర్ల చెప్పుండ్రి. నేను జెప్తే, కాయితంల లేదు గదా అంటుండ్రు.”

కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసి జరిగిందీ, ఆ పదకొండు ఊళ్ల పేర్లూ చెప్పాను. మర్నాడు యాదమ్మ ఊరికి ట్యాంకర్ వెళ్లింది, వెనకే నేనూ వెళ్లాను. బిందెలతో నిలబడ్డవాళ్లందరి ముందు, మీ బోరు నీళ్లు తాగొద్దు, జాబితాలో పేరు పోవడం నా పొరపాటు అని చెప్పాను.

ఒక ముసలాయన అడిగాడు: “కంప్యూటర్ గూడ తప్పు జెప్తదా బిడ్డా?”

“కంప్యూటర్ కాదు తాతా. నేనే తప్పు రాసిన.”

అప్పటి నుంచి నేను చేసే ప్రతి ఫిల్టర్ పైనా ఒక లైను ఉంటుంది: మొత్తం వరుసలెన్ని, చూపిస్తున్నవెన్ని, దాచినవెన్ని. కొత్త క్లాస్ ఏది కలిపినా, చూపిస్తున్నవీ దాచినవీ కలిపితే మొత్తం వస్తోందో లేదో చూసి, దాచిన వరుసలను విడిగా తెరిచి చదువుతాను. దాచినవి పట్టిక చూసేవాళ్లకు కనపడవు. ఆ వరుసల్లోని ఊళ్లవాళ్లకు తమను దాచారనే తెలియదు. ఆ పదకొండు ఊళ్ల నుంచి అడగడానికి వచ్చింది యాదమ్మ ఒక్కతే.