కనకం అత్త నేర్పిన తుప్పు

ఈ వారం మా అపార్ట్‌మెంటు మెట్ల గ్రిల్‌కు రంగులు వేస్తున్నారు. పొద్దున పనికి బయలుదేరి తలుపు తీశానో లేదో, ఎనామిల్ పెయింటు వాసన గుప్పున ముక్కుకు తగిలింది. పక్క ఫ్లాటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా దిగిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఈ వాసన అందరికీ తలనొప్పి తెప్పిస్తుంది, నాకేమో ఆకలి వేస్తుంది. దీనికి కారణం కనకం అత్త. ఆవిడ షాపులో మధ్యాహ్నం ఇద్దరం రంగు డబ్బాల మధ్యే కూర్చుని, చేపల పులుసుతో అన్నం తినేవాళ్ళం. అప్పటి నుంచి నా ముక్కుకు ఆ రెండూ ఒకటే వాసన.

కనకం అత్త నాకు చుట్టం కాదు. పూర్ణా మార్కెట్ వెనక సందులో ఆవిడకు డ్రామా సామాన్లు అద్దెకిచ్చే షాపు ఉండేది. స్కూలు వార్షికోత్సవాలకు కిరీటాలు, గదలు, రాణుల పావడాలు, పులి ముసుగులు అన్నీ అక్కడ దొరికేవి. పెందుర్తిలో మా అమ్మ ఇంట్లోనే మిషను కుట్టి ఆ షాపుకు బట్టలు పంపేది. ఆ పరిచయంతోనే నేను అత్తా అని పిలిచేదాన్ని. అత్త పుట్టింది సముద్రం ఒడ్డున, చేపల వేటకు వెళ్ళే కుటుంబంలో. హార్మోనియం వాయించే మనిషిని ప్రేమించి పెళ్ళి చేసుకుందట. ఆయన పోయాక షాపు ఒక్కత్తే నడిపింది. పొట్టి మనిషి, పెద్ద గొంతు, నోట్లో ఎప్పుడూ కిళ్ళీ. నవ్విందంటే గోడకు వేలాడే కిరీటాలు కూడా కదిలేవి.

డిగ్రీ అయ్యాక నేను బ్యాంకు పరీక్షలు రాస్తూ, తప్పుతూ, మళ్ళీ రాస్తూ ఉన్నాను. నాన్న ఏమీ అనేవాడు కాదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉండేది. మనుషులతో మాట్లాడటం తగ్గిపోయింది. ఒకరోజు కుట్టిన బట్టలు ఇవ్వడానికి అమ్మతో షాపుకు వెళ్తే, అత్త నన్ను ఎగాదిగా చూసింది.

“ఏటే గుంటా, ఇంట్లో గోడలకి కాపలా కాత్తన్నావా? రేపట్నుంచి రా. నాకు సెయ్యి సాయం కావాలి” అంది.

“నాకేమీ రాదత్తా” అన్నాను.

“నాకు మాత్రం వొచ్చే పుట్టేనేటి?” అని ఆవిడ కిళ్ళీ దవడ మార్చుకుంది. అమ్మ నా వైపు చూడకుండానే సరేనంది.

నేను చేరిన కొన్నాళ్ళకు దివ్య అనే కాలేజీ అమ్మాయి వచ్చింది. వాళ్ళ కాలేజీ ఉత్సవంలో నాటిక వేస్తున్నారట. స్టీమ్‌పంక్ నాటిక అని ఫోన్‌లో బొమ్మలు చూపించింది. గొట్టాలు, పళ్ళచక్రాలు, ఇత్తడి కళ్ళజోళ్ళు, గాలిలో తేలే ఓడలు. ఆవిరి యంత్రాల కాలం ముగిసిపోకుండా అలాగే ముందుకు సాగిపోయి ఉంటే లోకం ఎలా ఉండేదో ఊహించడమే స్టీమ్‌పంక్ అని వివరించింది. కథానాయిక చేతిలోకి ఆ కాలపు తుపాకీ ఒకటి కావాలట. అన్ని షాపులూ తిరిగిందట, ఎవరికీ అర్థం కాలేదట.

అత్త ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. “ఓలమ్మో! అంటే మీకు కరెంటు ఒద్దు గానీ, ఇమానాలు కావాలన్నమాట” అంది. దివ్య పకపకా నవ్వేసింది. “బాగుంది. రైలింజనుకి పెళ్ళికూతురి ముస్తాబు సేసినట్టుంది. సేసేద్దాం” అని అప్పుడే ఒప్పేసుకుంది. అంతకుముందు ఆ మాట ఆవిడ విననైనా వినలేదు. దివ్య సందు మలుపు తిరగకముందే హోలీకి మిగిలిపోయిన ప్లాస్టిక్ నీళ్ళ తుపాకీ ఒకటి అటక మీంచి తీసి నా ఒళ్ళో పడేసింది. చిలకపచ్చ ఒళ్ళు, నారింజ రంగు మూతి. “ఇది నీది” అంది.

నేను భయపడుతూనే మొదలుపెట్టాను. సబ్బుతో కడిగి, రంగు పట్టేలా ఎమరీ పేపరుతో గరుకు చేసి, ఒళ్ళంతా గోల్డ్ పెయింటు వేశాను. ఒక్క చార కూడా రాకుండా, ఊపిరి బిగబట్టి, అంచులన్నీ సమానంగా వేశాను. ఆరాక చూసుకుని మురిసిపోయాను. అత్తకు చూపించాను.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పింది. “బాగానే ఉందే. సారెలోకి పెట్టే కొత్త బిందెలాగుంది. ఇది ఎవులి సేతిలోనూ పడలేదు, ఎక్కడికీ ఎల్లలేదు.”

నా మొహం వాడిపోయింది. ఇంకో పరీక్ష తప్పినట్టే అనిపించింది. అత్త అది గమనించిందో లేదో తెలియదు. “రేపు పొద్దున్నే షాపు తియ్యొద్దు. హార్బరుకి ఎల్దాం” అంది.

మర్నాడు బస్సు దిగి ఫిషింగ్ హార్బర్‌లోకి నడిచాం. వేట నుంచి వచ్చిన బోట్లు వరుసగా ఆగి ఉన్నాయి. గంపలు, ఐసు, కేకలు. నేను ముక్కు మూసుకుంటే అత్త నా చెయ్యి లాగేసింది. ఒక బోటు మీద ఆవిడ తమ్ముడు ఎర్రయ్య వల చిక్కులు తీస్తున్నాడు. అక్కను చూసి, “ఏటప్పా, సేపలకా?” అన్నాడు.

“సేపలకి కాదురా, తుప్పుకి వొచ్చేం” అంది అత్త.

ఎర్రయ్య నవ్వి, “తుప్పుకేటి తక్కువ? ఎంత కావాలంటే అంత ఒట్టుకెళ్ళు” అని మా ఇద్దరికీ చెయ్యందించి బోటులోకి ఎక్కించాడు.

వల తాడును చుట్టే పెద్ద ఇనుప చక్రం దగ్గర అత్త నన్ను కూర్చోబెట్టింది. చూడమంది, అంతే. చూస్తూ కూర్చున్నాను. మొదట అంతా ఒకటే తుప్పులా కనిపించింది. కాసేపటికి విడివిడిగా కనిపించడం మొదలైంది. చక్రం తిప్పే పిడి అద్దంలా మెరుస్తోంది. తాడు రాసుకునే చోట గాడి వెండిలా ఉంది. బోల్టుల చుట్టూ, ఉప్పునీరు నిలిచే మూలల్లో మాత్రం తుప్పు గోధుమ రంగులో మొదలై నల్లబడి, కిందికి చారికలు కట్టింది.

“అత్తా, చెయ్యి పడే చోట తుప్పు లేదు” అన్నాను.

ఆవిడ గట్టిగా నా వీపు మీద చరిచింది. “అదీ! ఇప్పుడు సెప్పు, మన తుపాకీ ఎవులిదే?”

“దివ్యది.”

“దివ్యది కాదే. నాటకంలో దానిది. అదెలాంటిది? ఏ సేతివాటం? ఏం పని సేస్తాది?”

ఆ బోటులో ఎర్రయ్య తెప్పించిన టీ తాగుతూ ముగ్గురం ఆ కథానాయికకు ఒక జీవితం కల్పించాం. గాలి ఓడను నడిపే సరంగు. ఎడమచేతివాటం. వేలికి ఉంగరం, అది ఎప్పుడూ ఒకే చోట గీసుకుంటుంది. ఓడలో బాయిలరు పక్కనే తుపాకీ తగిలించుకుంటుంది, కాబట్టి ఒక వైపు మసి. “కోపం ఎక్కువ ఆవిడికి. తుపాకీ బల్ల మీద దబ్బున పడేత్తాది” అన్నాడు ఎర్రయ్య. “అచ్చం మా అప్పలాగే.” అత్త తమ్ముడి మీదికి ఖాళీ టీ కప్పు విసిరింది.

తిరిగొచ్చి పని మళ్ళీ మొదలుపెట్టాను. గోల్డంతా నల్ల రంగుతో కప్పేశాను. అది ఆరాక రాగి రంగులో బ్రష్షు ముంచి, గుడ్డకు తుడిచి తుడిచి, ఇక బ్రష్షులో రంగే లేదనిపించాక అంచుల మీద మెల్లగా రాశాను. నల్లటి ఒంట్లోంచి లోహం పైకి తేలినట్టు వచ్చింది. గాడుల్లో పల్చటి గోధుమ రంగు పారించాను. అతికించుకునే బొట్టుబిళ్ళలు వరుసగా పెట్టి రంగు వేస్తే రివెట్లు అయిపోయాయి. ఆగిపోయిన చేతిగడియారం ఆవిరి కొలిచే మీటరయింది. పిడికి ఎడమచెయ్యి పట్టే చోట మెరుపు తెచ్చాను, ఉంగరం గీత గీశాను, అంచు మీద దెబ్బలు పెట్టాను. ఆ రోజుల్లో బస్సులో కూడా అదే ఆలోచన. పరీక్షల సంగతి నిజంగానే మరిచిపోయాను.

ఉత్సవం రోజు మేమిద్దరం కూడా వెళ్ళాం. అత్త పట్టుచీర కట్టింది. నాటిక బాగానే నడిచింది. చివర్లో దివ్య తుపాకీ ఎత్తి, “ఇక ఈ ఓడ నాది!” అంటూ మీట నొక్కింది. తుపాకీలోంచి సన్నటి నీటిధార లేచి, వంపు తిరిగి, ముందు వరసలో కూర్చున్న ముఖ్య అతిథి కళ్ళజోడు మీద పడింది. హాలంతా ఒక్క క్షణం గుడ్లప్పగించింది. నేను అత్త వైపు తిరిగాను.

“కారుతాదేమో అని కొళాయి కాడ నింపి సూసేనే” అంది చిన్న గొంతుతో. “ఒంపడం మరిసిపోనాను.”

దివ్య మాత్రం తడబడలేదు. “ఆవిరి చల్లారి నీరైంది దొరా, మన్నించండి!” అంది. హాలు పగిలిపోయేలా నవ్వులు. ముఖ్య అతిథి కూడా నవ్వుతూ, కళ్ళజోడు తుడుచుకుంటూ వేదిక ఎక్కి, తుపాకీ చూపించమన్నాడు. దివ్య అందించింది. ఆయన బరువైన ఇనుప వస్తువును అందుకోవడానికన్నట్టు మోచెయ్యి బిగించి పట్టుకున్నాడు. ప్లాస్టిక్ కదా, చెయ్యి కాస్తా భుజం దాకా పైకి ఎగిరిపోయింది. ఆయన తెల్లబోయి తుపాకీ వైపు చూశాడు.

అత్త నా భుజం నొక్కేసింది. “సూసేవా ఆ సెయ్యి! సూసేవా! మనకదే ప్రైజు.” ఆవిడ కళ్ళు తడిశాయి. నావి అంతకుముందే తడిశాయి.

ఆ తర్వాత కొన్ని నెలలకు వేరుశెనగ ఉండ కొరికి అత్త ముందు పన్ను విరగ్గొట్టుకుంది. డాక్టరమ్మ దానికి తొడుగు వేసింది. నోరు తెరిస్తే ఎర్రటి కిళ్ళీ పళ్ళ మధ్య అదొక్కటీ ట్యూబ్‌లైటులా వెలిగేది. అత్త రెండు రోజులు నవ్వకుండా ఉంది. అదెంత కష్టమో నాకు తెలుసు. చివరికి నన్ను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

“ఇది అద్దెకి తెచ్చినట్టుందమ్మా నా నోట్లో. తీసియ్యండి, మా గుంట సేత తుప్పు పెట్టించి తెత్తాను.”

డాక్టరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. “నోట్లో పెట్టేదానికి ఇంటి పెయింటు పనికిరాదమ్మా. దీని రంగులు వేరు, కొలిమిలో కాల్చాలి” అని చెప్పి, మమ్మల్ని పళ్ళు తయారుచేసే లాబ్‌కు పంపింది. లాబ్ ఓనరు సరదాకు నాకు కొత్త తొడుగు, సన్నటి బ్రష్షు, రంగుల పలక ఇచ్చాడు. నేను అత్తను కిటికీ వెలుగులో కూర్చోబెట్టి నోరు తెరవమన్నాను. కిళ్ళీ ఎటువైపు పెట్టుకుంటుందో నాకు తెలుసు. చిగుళ్ళ దగ్గర ముదురు రంగు, పక్కన సన్నటి చార, కొసన కాస్త అరుగుదల. కొలిమిలోంచి వచ్చిన పన్ను పెట్టుకుని అత్త అద్దంలో చూసుకుంది. నాలుకతో తడిమింది. “ఇప్పుడిది నాది” అని, నోరంతా తెరిచి నవ్వింది.

“రేపటి నుంచి పనికి వస్తావా?” అని ఓనరు నన్నడిగాడు. నేను నోరు తెరిచేలోపే అత్త జవాబు చెప్పేసింది: “వొత్తాది. ఆదివారాలు మాత్రం నాకాడికి ఒగ్గీయాలి.”

ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆదివారాలు వెళ్ళాను. నిరుడు అత్త నిద్రలోనే పోయింది. చూడటానికి వెళ్తే పెదాలు కొంచెం తెరిచి ఉన్నాయి. పళ్ళలో నేను చేసింది ఏదో ఇట్టే పోల్చుకోలేకపోయాను. ఆ దుఃఖంలో కూడా నాకు గర్వంగా అనిపించింది. ఆవిడ బతికుంటే అందరినీ పిలిచి చూపించేది.

లాబ్‌కు వచ్చే కొలతల్లో పన్ను రంగు నంబరు ఒక్కటే ఉంటుంది. నేను క్లినిక్‌కు ఫోన్ చేసి ఆ మనిషి గురించి అడుగుతాను. నాతో పనిచేసేవాళ్ళు నవ్వుతారు. ఈ మధ్య తగరపువలస నుంచి వచ్చిన ఒక ముందు పన్ను గురించి అడిగితే, “ఆయన సన్నాయి వాయిస్తారు మేడమ్. దానికీ పన్నుకూ ఏటి సంబంధం?” అంది అక్కడి అమ్మాయి. సన్నాయి పీక ఆనే చోట అంచు రవ్వంత అరగదీసి పంపాను. పన్ను పెట్టించుకున్నాక ఆయనే క్లినిక్‌లో నంబరు తీసుకుని ఫోన్ చేశాడు. ఏదో కీర్తన పల్లవి ఒకటి వాయించి, “ఇనబడిందా అమ్మా?” అన్నాడు.

వినబడిందన్నాను. ఫోన్ పెట్టేసి తర్వాతి పన్ను చేతిలోకి తీసుకున్నాను. కాగితం మీద పేరుంది, వయసుంది. ఆ మనిషి ఏం చేస్తాడో, టీ తాగుతాడో కాఫీ తాగుతాడో లేదు. మళ్ళీ ఫోన్ తీశాను.