ఎర్రర్ రాని ప్రోగ్రాం

మొన్న తిరుపతిలో మా బావ షష్టిపూర్తికి వెళ్ళాను. బావ అంటే మా చిన్నాయన పెద్దల్లుడు. భోజనాల దగ్గర ఎవరో లేచి, మన బంధువుల్లో మొట్టమొదట కంప్యూటర్ ప్రోగ్రాం రాసిన మనిషి ఈయనేననీ, అది ఒక్కనాడు కూడా ఎర్రర్ అనే మాట చూపించలేదనీ పొగుడుతుంటే, బావ మెడలో దండ సర్దుకుంటూ నవ్వాడు. తింటున్న చక్కెర పొంగలి పక్కకు నెట్టేశాను. అసహ్యం వేసింది. విస్తరి మడిచి లేచిపోయాను.

నా ఈడువాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో చిన్నాయన తిరుపతి బస్టాండు దగ్గర ఇంటర్నెట్ సెంటర్ పెట్టి, చూసుకోవడానికి నన్ను కూర్చోబెట్టాడు. ప్లైవుడ్ గదులు, పచ్చ కర్టెన్లు, ఫోను లైను కలిసేటప్పుడు వచ్చే ఆ కీచు చప్పుడు, కొండమీద గుండు చేయించుకుని గంధం ఆరకముందే దిగొచ్చి ఆ గుండు ఫోటోను ఊరివాళ్ళకు పంపించాలని ముచ్చటపడే యాత్రికులు. ఫోటో ఎక్కేలోపు జుట్టు మళ్ళీ మొలుస్తుందని నేను వాళ్ళను ఆటపట్టించేవాణ్ణి. అంత నిదానంగా ఉండేది మా లైను.

ఉన్నది ఆ ఒక్క లైనే, సిస్టమ్‌లేమో గది నిండా ఉండేవి. అందరి తరఫునా బయటికి వెళ్ళి, ఎవరడిగిన పేజీ వాళ్ళకు తెచ్చిపెట్టే మధ్యవర్తి ప్రోగ్రాం ఒకటి కావాలి, దాన్ని ప్రాక్సీ అంటారు. చెన్నైలో ఉద్యోగం చేస్తున్న బావే దాన్ని రాసిచ్చాడు. కొట్టిన వెబ్‌సైటు అడ్రసు సరిగ్గా ఉన్నంతసేపూ బాగానే నడిచేది. సగం కాపీ చేసిన అడ్రసో, పర్సెంటు గుర్తు పెట్టి దాని తర్వాత రావలసిన అక్షరాలు లేకుండా తెగిపోయిన అడ్రసో తగిలిందంటే మాత్రం ప్రోగ్రాం కుప్పకూలేది, దానితోపాటు గదిలో అందరి పనీ ఆగిపోయేది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. అడ్రసు అర్థం కాకపోతే ఆ అడిగినవాడి తెర మీద ఇది తప్పు అడ్రసు అని చూపించి, వాణ్ణి అక్కడే ఆపి, మిగతావాళ్ళ పని సాగనివ్వాలి. నేను అది రాసి సిద్ధంగా పెట్టుకున్నాను కూడా. చిన్నాయన వెయ్యనివ్వలేదు.

"అల్లుడు చేసిన పనికి మనం వంక పెడితే ఆడ మన పాపకు మాట పడతాది. ఊరుకోప్పా."

మా ఇళ్ళల్లో అంతే. పుత్తూరు పోవలసిన కారును అల్లుడు ఊరు దాటించి నగరి దాకా తోలినా వెనక సీట్లో ఎవరూ నోరెత్తరు. ఆఖరికి బావే సెలవుకు వచ్చినప్పుడు దాన్ని బాగుచేశాడు. అదేం బాగుచెయ్యడమో! అడ్రసు అర్థం కాకపోతే, అంతకుముందు ఇంకెవరికోసమో తెచ్చిన పేజీనే వీడికీ ఇచ్చేసేటట్టు రాశాడు. వచ్చినవాడికి ఏదో ఒకటి కనబడాలిగానీ లేదు అని చెప్పకూడదట. ఎవరి పేజీ ఎవరికి పోతుందో అని నేనంటే, కుర్చీలోంచి కదలకుండా మురుకులు నములుతూ, "ఎర్రర్ వస్తా ఉందా ఇప్పుడు?" అన్నాడు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, డ్యూటీ దిగిన నర్సమ్మాయి తెల్లచీరతోనే వచ్చి కూర్చుంది. నగరిలో మగ్గాలు ఆడే ఇంటి పిల్ల. గల్ఫులో ఏదో ఆసుపత్రి ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ రోజే ఆఖరు. ఓపికగా అన్నీ నింపింది. నింపినదంతా ఒకసారి సరిచూసుకోమని ఆ సైటు తిరిగి చూపించే పేజీ వచ్చింది, ఇక పంపించే మీట నొక్కడమే మిగిలింది. సరిగ్గా అప్పుడే మూల సిస్టమ్ దగ్గరున్న కుర్రాళ్ళు ఏదో తెగిపోయిన అడ్రసు కొట్టారు. ఆ అమ్మాయి పేజీ వాళ్ళ తెర మీద పడింది.

హాస్టలు అడ్రసుతో సహా అంతా ఉంది అందులో. వాళ్ళు ఆమె బరువెంతో రాసినచోట ఆగి, గొంతెత్తి చదివారు. "పెండ్లి కాలేదంటప్పా, సూడు సూడు!" అని ఒకడు అరిస్తే గదంతా నవ్వింది. పరువుగలవాళ్ళని నేననుకున్న పెద్దమనుషులు కూడా కర్టెన్లు పక్కకు లాగి, పేరేమిటో చదవడానికి ఆ మూలకు వచ్చి మెడలు సాచారు. ఆ అమ్మాయి ఎవరివంకా చూడకుండా లేచి వెళ్ళిపోయింది.

నేను వెనకాలే వీధిలోకి పరుగెత్తాను. ఒక్క మీట నొక్కితే అయిపోతుందమ్మా, గదంతా ఖాళీ చేయిస్తాను, రా అని బతిమాలాను.

"ఆ ఉద్యోగం నాకొద్దు అన్నా. ముందు నా పేరు ఆడ్నుంచి తీసేయండి."

నగరి బస్సు వచ్చింది, ఎక్కేసింది.

వెనక్కి వచ్చి ముందు మూల తెర ఆర్పేశాను. ఆ పోకిరీలను బయటికి గెంటి, ఆమె తెర కూడా ఆర్పి, ప్రాక్సీ దాచిపెట్టుకున్న పేజీలన్నీ తెరిచి చూడకుండానే తుడిచేశాను. ఆ తర్వాత, ఇంకా సెలవులోనే ఉండి అక్కడే కూర్చున్న బావ చూస్తుండగానే ఆయన రాసింది తీసేసి నేను రాసింది వేశాను. ఇంత రభసలోనూ ఆ మనిషి అన్నది, ఎర్రర్ అయితే రాలేదు గదా అని. చిన్నాయన నన్ను మళ్ళీ సెంటర్‌కు రావద్దన్నాడు. మా అక్క, అదే బావ భార్య, చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఆ ఇంట్లో ఆ అమ్మాయి గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

ఇప్పుడు ఆ వీధిలో ఇంటర్నెట్ సెంటర్ అన్నది లేదు, చెమట కంపు కొట్టే ఆ కర్టెన్ల మీద నాకు బెంగా లేదు. ఆడపిల్లలు హాస్టలు మంచాల మీద కూర్చుని సొంత ఫోనులో దరఖాస్తులు పెట్టుకుంటున్నారు, అడ్రసు తప్పయితే ఫోనే మొహమాటం లేకుండా చెప్పేస్తోంది. చాలా మంచి మార్పు. కానీ బీపీ చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా, నాకంటే కాస్త చిన్నదిగా కనబడే నర్సమ్మను చూస్తే, మీది నగరేనా అని అడగాలనిపిస్తుంది. ఆ తర్వాత ఏ ఉద్యోగానికి పెట్టుకుందో, ఎక్కడ స్థిరపడిందో తెలిస్తే బాగుండుననిపిస్తుంది. ఇన్నేళ్ళయ్యాక ముఖం గుర్తులేదు. పేరంటారా, ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళందరూ చదివారు, నేనొక్కణ్ణే చదవలేదు.