ఏడిళ్ల పాతగుడ్డల అంగి

నా చిన్నప్పుడు మా క్వార్టర్స్ వరుసలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా మొదటి అంగి మా నాయనమ్మ చేతి నుంచే వెళ్లేది. మా నాన్న యూనివర్సిటీ ల్యాబులో అటెండరు. క్యాంపస్ అంచున, తార్నాక వైపు, గోడకు గోడ ఆనుకుని ఉండే ఇళ్లు మావి. మేము ఇటు మేకు కొడితే పక్కింట్లో దేవుడి పటం కదిలేది. అక్కడ పసిపిల్ల ఏడిస్తే మా ఇంట్లో పుట్టిందేమో అన్నట్టుండేది.

నాయనమ్మకు మిషను కుట్టంటే గిట్టదు. పసి ఒంటికి గరుకు అనేది. ఉతికి ఉతికి మెత్తబడ్డ ధోవతులూ చీరలూ కత్తిరించి, కుట్లు ఒంటికి తగలకుండా బయటివైపుకు వచ్చేలా చేత్తో కుట్టేది. ఆమె సూదులు ఆరు, ఒక ఎర్రటి గుడ్డముక్కకు గుచ్చి ఉండేవి. పసిపిల్లల బట్ట మొదలుపెట్టేముందు లెక్క, ముగించాక లెక్క. లెక్క తప్పితే ఆ బట్ట గడప దాటదు. ఆమెకు చూపు తగ్గాక లెక్కపెట్టే పని నాకొచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ప్రతిదానికీ ఎదురు వాదించేదాన్ని. ఈ పిల్లకు నోరొక్కటి లేకుంటే కాకులెత్తుకపోతయ్ అనేది మా అమ్మ. ఆ మాట నాకు బిరుదులా ఉండేది.

పక్కింటి అక్కకు అంతకుముందు ఇద్దరు పుట్టి నెల తిరక్కుండానే పోయారు. మూడోసారి ఆడపిల్ల. ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా నవ్వడం లేదు. పిల్ల బాగుందని కూడా ఎవరూ పైకి అనడం లేదు. అలాంటి ఇంట్లో బిడ్డ నిలవాలంటే, పిల్లలు చల్లగా బతికిన ఏడిళ్ల నుంచి పాతగుడ్డలు అడిగి తెచ్చి, ఒక్క అంగిగా కుట్టి, ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసేముందు తొడగాలి. ఆ గుడ్డల కోసం నాయనమ్మా నేనూ లాలాగూడ రైల్వే ఇళ్ల దాకా నడిచాం. ఒక ఇల్లాలు తన కొడుకు తొడిగి విడిచిన చొక్కా చింపి ఇచ్చింది. ఇస్తూ, తన కొడుక్కేమవుతుందోనన్న జంకుతో, నాయనమ్మ ముఖంలోకి మాత్రం చూడలేదు.

ఇరవై ఒకటో రోజు పొద్దున అంగి దాదాపు అయిపోయింది. నాయనమ్మ స్నానానికి లేస్తూ, చంక కింది మడత ఒక్కటే ఉన్నది, ముట్టకు బిడ్డా అంది. ముట్టొద్దంటే ముట్టకుండా ఉండే రకాన్నా నేను? నాకూ కుట్టొచ్చని చూపించాలి. ఆ చోట రెండు మూడు గుడ్డలు కలిసి గట్టిగా ఉంది. బలంగా పొడిచాను. టిక్కుమంది. సూది మొన విరిగిపోయి, బెజ్జం ఉన్న సగం నా చేతిలో మిగిలింది. మొన కనబడలేదు. చాప దులిపాను, ఒళ్లో వెతికాను. లోపల చెంబు చప్పుడు ఆగింది. చేతిలో ఉన్న సగాన్ని ఎర్రగుడ్డకు గుచ్చి, ఏమీ ఎరగనట్టు కూచున్నాను.

నాయనమ్మ వచ్చి, చేతి అంచనాతో ఆ మడతను కుట్టి మూసి, దారం కొరికి అడిగింది.

"ఎన్నున్నయ్ బిడ్డా?"

"ఆరు."

ఆరే ఉన్నాయి మరి. లెక్క అడిగింది, లెక్క చెప్పాను. అందులో అబద్ధమేముంది? ఆ క్షణంలో నాతో నేను వాదించి గెలిచాను.

మధ్యాహ్నం పక్కింట్లో తొట్టెల పాట మొదలైంది. పాట మధ్యలో పిల్ల ఏడుపందుకుంది. ముందు మామూలు ఏడుపే. తర్వాత ఎత్తుకుంటే పెరిగింది, పడుకోబెడితే తగ్గింది, మళ్లీ ఎత్తుకోగానే గుక్కపట్టింది. పాట ఆగిపోయింది. గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. "గా ఇద్దరు గూడ గిట్లనే ఏడ్చిండ్రు" అని ఎవరో అన్నారు.

నాయనమ్మ దగ్గరికి వెళ్లి ఎర్రగుడ్డ చూపించాను. ఆమె ఒక్కో సూదినీ వేలితో తడిమి, పొట్టిదాని దగ్గర ఆగింది.

"నిజమే చెప్పినవ్. ఆరే ఉన్నయ్."

చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. నేను వెనకాలే వెళ్లాను. కుట్టు ఊడింది, అంగి విప్పుండ్రి అని చెప్పి, పిల్లను తానే అందుకుని విప్పింది. పక్కటెముకల మీద మూడు నాలుగు చోట్ల సన్నటి ఎర్రగీతలు. పిల్లను అక్క చేతికిచ్చి, చూపు ఆనదు కాబట్టి ఆ మడతను పెదవికి ఆనించుకుని మెల్లగా లాగింది. ఒకచోట ఆగింది. పెదవి మీద నెత్తురు బొట్టు నిలిచింది. పంటితో కుట్టు తెంపి మొనను అరచేతిలోకి తీసింది. పిల్ల ఏడుపు వెక్కిళ్లలోకి దిగింది.

అయిపోయిందనుకున్నాను. అప్పుడే మొదలైంది.

బతికిన పిల్లల గుడ్డలు, అందులో విరిగిన సూది, ఇద్దరు పోయిన ఇల్లు. అక్క అత్త ఒక్కొక్కటీ కలుపుకుంటూ పోయింది. "సూది మరిచిపోయిన్నంటె నమ్మాల్నా ముసలిదాన? గా ఇద్దరు పిల్లలకు గూడ నువ్వే గదా అంగీలు కుట్టింది!"

గదిలో ఎవరో బాణామతి అన్నారు. మెల్లగా అన్నా అందరికీ వినబడింది. దగ్గరున్న ఆడవాళ్లు తమ పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. ఒకావిడ తన కొడుకు ఒంటి మీదున్న నాయనమ్మ కుట్టిన చొక్కాను అక్కడికక్కడే విప్పేసింది.

నాయనమ్మ పెదవి తుడుచుకుంది. "నా సూదే. కండ్లు ఆనలే. తప్పు నాది" అంది. అంటూ వెనక్కి చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. మాట్లాడకు అన్నట్టు గట్టిగా పట్టుకుంది. అప్పుడైనా నేను మాట్లాడవచ్చు. బడిలో టీచరుతో, బజారులో కూరగాయలామెతో ఊరికే వాదించే నోరు అది. తెరుచుకోలేదు. పట్టుకున్నది ఆమే కదా, ఆపింది ఆమే కదా అని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. అది కూడా ఆరు సూదుల లెక్కలాంటిదే.

ఆ తర్వాత మా ఇంటికి ఎవరూ పాతగుడ్డలు తేలేదు. మేము నడిస్తే కిటికీ రెక్కలు మూసుకునేవి. ఒక పొద్దున మా గడప ముందు నిమ్మకాయ చెక్కలు పడి ఉన్నాయి. నాన్న ఏడాది తిరక్కుండానే వారాసిగూడలో ఇల్లు చూశాడు. నా పేరు ఎందుకు చెప్పలేదని నాయనమ్మను ఒక్కసారే అడిగాను. "నాదెన్ని రోజులు బిడ్డా? ఆ మాట నీ మీద పడితే జన్మంత పోదు" అంది. ఆమె మళ్లీ సూది పట్టలేదు. ఆ పక్కింటి పిల్ల మాత్రం నిక్షేపంగా పెరిగిందని, పెళ్లి కూడా అయిందని విన్నాను.

ఇప్పుడు నేను కాలేజీలో పాఠాలు చెబుతాను. నాతో వాదానికి దిగడానికి ప్రిన్సిపాల్ కూడా జంకుతాడు. కానీ తార్నాక నుంచి కాచిగూడ వెళ్లే బస్సులో ఎక్కడైనా పసిపిల్ల గుక్కపట్టి ఏడిస్తే నా వల్ల కాదు. లేచి వెళ్లి, ఒక్కసారి బట్ట విప్పి చూడమ్మా అంటాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. "ఆకలికి ఏడుస్తుంది ఆంటీ, నీకేంది నడుమ?" అని ఒకమ్మాయి మొన్న అందరి ముందూ కసిరింది. ఎవరు ఒక మాటంటే నాలుగు అనేదాన్ని, ఆ ఒక్క మాటకు మాత్రం జవాబివ్వను. ఆమె బట్ట విప్పి చూసేదాకా అక్కడే కడ్డీ పట్టుకుని నిలబడతాను.