అద్దం డాలరు

వరలక్ష్మీ వ్రతం ముందు రోజు మదనపల్లెలో మా ఇంట్లో అడుగుపెడితే మొదట ఎదురొచ్చేది నానిన చింతపండు వాసన. అమ్మ వెండి కుందులు, కుంకుమ భరిణె, పన్నీరు బుడ్డి అన్నీ పళ్ళెంలో పేర్చుకుని, చింతపండుతో ఒకసారి, విభూతితో ఒకసారి తోముతుంది. అందరికీ పండగను గుర్తుచేసే ఆ పులుపు వాసన నాకు మాత్రం ఒక వెండి డాలరును గుర్తుచేస్తుంది.

నా చిన్నతనమంతా పుంగనూరులో గడిచింది. నాయనకు బజారులో పాత్రల అంగడి. పెండ్లిండ్ల కాలమొస్తే బిందెల మీద, చెంబుల మీద పేర్లు చెక్కించుకునేవాళ్ళతో అంగడి నిండిపోయేది. పేర్లు చెక్కే మిషను గర్రుమనే చప్పుడు, ఇత్తడికి చుట్టిన గడ్డి వాసన, మధ్యాహ్నం క్యారియరులో వచ్చే సంగటి, ఊరిబిండి పచ్చడి, అన్నీ కలిసి ఇప్పటికీ నాకు నాయనంటే అవే. ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి పాత అమెరికా వెండి డాలర్లు. సరుకు కోసం బెంగుళూరు పోయినప్పుడల్లా ఒకటో అరో పట్టుకొచ్చేవాడు. "చెల్లని దుడ్డు కోసరం చెల్లే దుడ్డు పోసొస్తాడు ఈయప్ప," అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది.

అన్ని డాలర్లూ ఆయనకు పట్టేవి కావు. అద్దంలాంటివే కావాలి. వాటి మీది ఆడమనిషి ముఖం తెల్లగా మంచు పట్టినట్టుంటే, చుట్టూ ఉన్న ఖాళీలో మన ముఖం కనిపించేది. కొన్నింట్లోనే ఎందుకు కనిపిస్తుందో మాకు తెలిసింది కుప్పంలో, మా అవ్వ వంటింట్లో. అవ్వ పండగకు కన్నడమోళ్ళ మాదిరి చెక్క అచ్చుల్లో పాకం పోసి చక్కెర చిలకలు చేసేది. పాకం చల్లారేదాకా ఆగలేక నేనూ, నాకన్నా అయిదేండ్లు పెద్దదైన అక్కా పొయ్యి దగ్గరే కాచుకుని కూర్చునేవాళ్ళం. ఒకసారి అక్క ఆ మాట అడిగితే, నాయన ఒక చిలకను తీసి దాని రెక్క మీద ఉబ్బిన గీతను చూపించాడు.

"అచ్చులో గాటు పడింటే చిలక మీద గీత పైకి లేస్తాది. అచ్చు నున్నగుంటే చిలకా నున్నగుంటాది. డాలరూ అంతే తల్లీ. మెరుగు పెట్టింది డాలరుకు కాదు, దాన్ని గుద్దే అచ్చుకు. కొత్తగా మెరుగు పెట్టిన అచ్చు కింద ముందు పడినవే అద్దాలు. గుద్దే కొద్దీ ఆ మెరుగు పోతాది."

"మాసిపోతే మనం తోమి మెరిపించుకోకూడదా?"

"తోమితే ఉండేది గూడా పోతాది. పైకి లేసిన గీత దాని పుట్టుమచ్చ. లోపలికి దిగిన గీత మనం సేసిన గాయం."

అయినా అక్క వినే రకమా! అంగడికి సెలవు రోజు నాయన భోంచేసి కునుకు తీస్తే బీరువాలోని డబ్బా తీసి, అన్నింటికన్నా మంచి డాలరులో చూసుకుంటూ బొట్టు సరిచేసుకునేది. తలకు నూనె పెట్టుకున్న చేత్తోనే. అంచులు పట్టుకోమని నాయన ఎన్నిసార్లు అరిచినా, ఆమె బొటనవేలు తిన్నగా ఆ అద్దం మీదికే పోయేది.

ఆ వానాకాలం అక్కకు జ్వరం వచ్చింది. మదనపల్లెకు తీసుకుపోయారు, అక్కడినుంచి వేలూరుకు. తిరిగొచ్చేటప్పుడు అక్క లేదు. ఆ ఏడు కుప్పంలో అవ్వ చిలకల అచ్చులు అటక మీదినుంచి దించలేదు.

చాలా నెలలకు నాయన ఆ డబ్బా తెరిచాడు. అక్క బొట్టు సరిచేసుకున్న డాలరును వెలుతురులో అటూ ఇటూ తిప్పి, భూతద్దం పెట్టి చూసి, నన్ను దగ్గరికి పిలిచాడు. అక్క ఉన్నప్పుడు కంటికి కనబడని వేలిముద్ర, వెండి నల్లబడే కొద్దీ లేత గోధుమరంగులో తేలుతూ ఉంది. ఒక్కొక్క గీతా తెలుస్తోంది. "మీ అమ్మకు సెప్పొద్దు. మళ్ళా అన్నం మానేస్తాది," అన్నాడు. అప్పటినుంచి సాయంత్రం అంగడి మూసి రాగానే ఆయన చేసే మొదటి పని ఆ డబ్బా తెరవడం. పక్కన నేనుండేదాన్ని.

మరుసటి శ్రావణంలో నాయన సరుకుకు పోయినప్పుడు, కలశంలో వేయడానికని అమ్మ ఆ డాలరు తీసింది. నేను బడినుంచి వచ్చేసరికే అంతా అయిపోయింది. నాయన రాగానే ముచ్చటగా అరచేతిలో పెట్టి చూపించింది.

"నల్లగా మచ్చ పట్టిండె. చింతపండేసి గట్టిగా తోమేస్తిని. సూడు, ఎట్లుండాదో!"

తెల్లగా ఉంది. సన్నటి గీతలు నిండా లోపలికి దిగి ఉన్నాయి. నాయన దాన్ని అంచులు పట్టుకుని వెలుతురుకు తిప్పాడు.

"బాగుండాది," అన్నాడు.

తర్వాత ఆయన బెంగుళూరునుంచి డాలర్లు తేలేదు. ఇప్పుడు నాయన లేడు, అంగడి లేదు, బిందెల మీద పేర్లు చెక్కించుకునేవాళ్ళూ లేరు. ఆ చిలకల అచ్చులు ఏమయ్యాయో కుప్పంలో ఎవరికీ తెలియదు. ఆ డాలరును మాత్రం అమ్మ ఏటా కలశంలో వేస్తుంది.

ఈసారి తోమడం అయ్యాక డాలరును చీరకొంగుతో తుడిచి, ముఖానికి దగ్గరగా పెట్టుకుంది, మళ్ళీ దూరంగా జరిపింది.

"మీ అక్క దీంట్లోనే గదా బొట్టు సరిసేసుకునేది," అంది. డాలరును మళ్ళీ ఒకసారి తుడిచి చూసి, "నా మొగమే కనపడలేదు పాపా. కండ్లు మసకబారిపోయిండాయి," అంది.

"అవునమ్మా," అన్నాను. "పండగ కానీ, కండ్ల డాక్టరు దగ్గరికి పోదాం."