పంపుకి సాంబ్రాణి

మా దీవిలో, బాంబూఫ్లాట్ ఒడ్డున, మా డింగీ పక్కనే, నలుగురి ముందూ మా అబ్బాయి నన్ను పడవ దింపేశాడు.

"నానా, నువ్వు రావొద్దు. వల సగం లాగేసరికి నీ రొమ్ములో పిల్లులు అరుత్తన్నాయి. నేను వల పట్టుకోవాలా, నిన్ను పట్టుకోవాలా?"

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి సముద్రం మీద ఉన్నవాణ్ణి. ఒడ్డున కూర్చుని ఎండుచేపల మీంచి కాకుల్ని తోలమంటే ఎలా? మర్నాడే ఫెర్రీ ఎక్కి ఆసుపత్రికి వెళ్లాను.

డాక్టరమ్మ గొట్టంలోకి ఊదించి, ఉబ్బసం అని చెప్పి, నోట్లో పెట్టుకుని మందు పీల్చే పంపు ఒకటి ఇచ్చింది. అందులో రెండు మందులున్నాయట. ఒకటి ఊపిరి గొట్టాల్ని తెరుస్తుంది, రెండోది లోపలి వాపు తగ్గిస్తుంది. పొద్దునా సాయంత్రం పీల్చాలి, ఒంట్లో బాగున్నా మానకూడదు, పీల్చాక నోరు పుక్కిలించాలి. తల ఊపి వచ్చాను.

మా ఇళ్లలో కొత్త వలైనా, కొత్త ఇంజనైనా పూజ కాకుండా వాడం. పంపు మాత్రం దేనికి మినహాయింపు? మా ఆవిడ దాన్ని గంగమ్మ పటం ముందు పీట మీద నిలబెట్టింది. పసుపు రాసింది, బొట్లు పెట్టింది, నిమ్మకాయ కోసింది. అంతవరకూ నాకూ సబబుగానే తోచింది. తర్వాత కొబ్బరిపీచు నిప్పుల మీద గుప్పెడు సాంబ్రాణి పోసింది.

ఇల్లంతా పొగ. నా రొమ్ము బిగుసుకుపోయింది. పంపు కోసం చెయ్యి చాపితే చేతి మీద ఒక్కటేసింది.

"ఆగు మావా, హారతి అవ్వనేదు."

"సస్తన్నానే!"

"అమ్మోరి ముందు ఆ మాటలేటి? థోడా సబర్ కరో, కాసింత ఓపిక పట్టు!"

ఇల్లు అంటుకుందనుకుని పక్కింటి బెంగాలీ దీదీ బిందెడు నీళ్లు తెచ్చి కుమ్మరించింది. నిప్పుల మీద కొంచెం, అమ్మవారి మీద కొంచెం, మిగతాదంతా నా మీద. ఆ గోలలో పంపు లాక్కుని పీల్చాను. నోట్లోకి పసుపు వచ్చింది. దగ్గు రెట్టింపయింది.

"సూసావా, ఇది పన్సెయ్యట్నేదు" అంది మా ఆవిడ, తడిచీర పిండుకుంటూ.

మా అబ్బాయి నన్ను మళ్లీ ఆసుపత్రికి మోసుకుపోయాడు, మా ఆవిడా వెంట వచ్చింది. మూతికి ముసుగు తగిలించి ఆవిరి మందు పెట్టాక ప్రాణం కుదుటపడింది. డాక్టరమ్మ బొట్లు పెట్టిన పంపుని వెలుగులో తిప్పి చూసింది.

"అంకుల్, ఇస్కీ షాదీ కరాయీ క్యా?"

పెళ్లి కాదమ్మా, పూజ అన్నాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. పంపుకీ పొగ వద్దు, అంకుల్‌కీ పొగ వద్దు అని మా ఆవిడ వైపు వేలు చూపించి మరీ చెప్పి, కొత్త పంపు ఇచ్చింది.

అప్పటినుంచి మా ఆవిడే కాపలా. నేను పీల్చి పుక్కిలించేదాకా టీ ఇయ్యదు. కొన్ని వారాలకు మెట్లెక్కినా ఆయాసం రాలేదు. రోగం పోయిందనుకుని ఫెరార్గంజ్‌లో పెళ్లికి పంపు లేకుండా వెళ్లాను. అక్కడున్న నాలుగు రోజుల్లోనే పిల్లికూతలు తిరిగొచ్చాయి. పోయింది రోగం కాదు, అది అణిగి ఉంది, అంతే. మళ్లీ పట్టుగా పీల్చాను.

చివరికి ఒక పొద్దున మా అబ్బాయి నన్ను డింగీ ఎక్కించుకున్నాడు. వల లాగుతుంటే చెవి నా రొమ్ము దగ్గర పెట్టి విన్నాడు. ఏ చప్పుడూ లేదు. ఆ విన్నంతసేపూ వాడి చేతిలో వల జారుతూనే ఉంది.

"ఒరే, రొమ్ము కాదురా, వల సూడు! చేపలన్నీ పోతన్నాయి! నీకు వల పట్టడం నేర్పిందెవడ్రా?"

వాడు వల అంచు నా వైపు విసిరాడు.

"ముందు లాగు నానా, తర్వాత తిడుదువుగాని."

లాగాను.