నేను విప్పిన కట్టు

యుద్ధం జరిగే కాలంలో కడప ఊరి బయట విమానాలు దిగేదానికి మైదానం చదును చేస్తాండారని తెలిసి, మేము బద్వేలు పక్కనుంచి వలస వచ్చినాము. నేను, మా ఆయన, మా అత్త, ఇద్దరు పిల్లోళ్ళు. మూడేండ్లుగా చినుకు లేదు. చేను అట్లే బీడు పెట్టి, మైదానం అంచున గుడిసె ఏసుకుంటిమి. నాకు కంకర మోసే పని. మా ఆయనకు పెట్రోలు పీపాలు లారీ మీద నుంచి దించే పని, ఒక కంట్రాక్టరు కింద.

మొదట్లో విమానం దిగితే చాలు, గంపలు కింద పడేసి నోరు తెరుచుకోని చూస్తాంటిమి. నెల తిరిగేతలికి ఆ మోజు తీరిపాయె. అది దిగినప్పుడల్లా లేసే దుమ్ము సంగటి చట్టిలో పడకుండా కొంగు కప్పేదే నా పని అయిపాయె. ఎవురు కనిపెట్టినారో గాని దాన్ని, వాళ్ళు మాత్రం దుమ్ము తిని ఉండరు.

ఒక పొద్దు మధ్యాన్నం పీపా దొర్లించే పలక జారింది. నిండు పీపా వచ్చి ఆయన మోకాలి కింద పడింది. నేను గంప ఇసిరేసి పరిగెత్తి పోతే, ఆయన నేల మీద పండుకోని, "ఏం కాలేదు లేమ్మే, ఏడవద్దు" అంటాండాడు. పాదం చూస్తే పక్కకు తిరిగిపోయి ఉండాది. ఏం కాలేదంట!

మేస్త్రి వచ్చి, "మన డాక్టరు ఊర్లోకి పోయినాడు, రేపు పొద్దున వస్తాడు, అంతవరకు ఈడనే ఉండండి" అన్యాడు. మా అత్త వినిందా? "డాక్టరు వస్తే కాలు కోసేస్తాడు" అని రొమ్ము బాదుకుంటా కూచునె. కోసేస్తాడని ఆమెకు తెలుసా, నాకు తెలుసా? ఎవురికీ తెలీదు. అయినా ఆ మాట నా కడుపులో పడిపాయె. మా పక్క ఎముక విరిగితే పోయే తావు ఒకటే, రాజంపేట దగ్గర పల్లెలో కట్టు కట్టే ముసలాయన దగ్గరికి. "సాయంత్రం రైలుకే పోదాం" అన్యది మాత్రం మా అత్త కాదు, నేనే.

ఆ ముసలాయన దుడ్లు ముట్టడు. గుడ్డ, కోడిగుడ్లు మనమే తీసకపోవాల. ఇద్దరు మనుషులు మా ఆయన్ను అదిమి పట్టుకుంటే, ముసలాయన కాలు పట్టి ఒక్క గుంజు గుంజినాడు. మా ఆయన కేక విని నేను గోడ పట్టుకుంటి. తర్వాత పసరాకు నూరి, తెల్లసొన కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టినాడు. "నలభై దినాలు. నీళ్ళు తగలగూడదు. నేను కట్టింది నేనే విప్పాల తల్లీ, ఇంగొకరు ముడితే నాకు పూచీ లేదు" అన్యాడు. అట్లే అని తల ఊపితి.

నాలుగు దినాలకు తిరిగొస్తే గుడిసె ముందర కంట్రాక్టరు గుమాస్తా కూచోని ఉండాడు. సాయిబు. మంచి మనిషి. మమ్మల్ని చూస్తానే లేసి, "యాడికి పోతిరక్కా మీరు? కొంప ముంచుకుంటిరి గదా" అన్యాడు.

పనిలో దెబ్బ తగిలితే పనోనికి నష్టపరిహారం ఇయ్యాలని సర్కారు చట్టం ఉండాదని ఆయన చెప్తేనే మాకు తెలిసింది. నయమయ్యేదాకా కూలిలో సగం ఇస్తారు. అవిటితనం మిగిలిపోతే ఒకేసారి పెద్ద మొత్తం ఇస్తారు. ఏదైనా సరే, కంట్రాక్టరు పెట్టిన డాక్టరు చూసి రాయాల. చూపించుకోకుండా ఊరిడిసి పోయినాడని ఇప్పటికే రాసుకున్యారు. "వచ్చే బేస్తవారం డాక్టరు పిలుస్తాండాడు. పోయి చూపించుకుంటే హక్కు తిరిగొస్తాది. పోకపోతే ఇంగ నేను జేసేది ఏమీ లేదక్కా" అన్యాడు.

నేనొక్కదాన్ని మోసే కంకరతో ఐదు నోర్లు ఎట్లా నిండాల? అప్పటికే పక్క గుడిసెల్లో జొన్నలు చేబదులు తెచ్చి తెచ్చి, నన్ను చూస్తే ఆడోళ్ళు తడిక మూసుకుంటాండ్రి. ఆ సగం కూలి మాకు ప్రాణం మాదిరి అగపడె.

బేస్తవారం బండి మీద పండబెట్టి తీసకపోతిమి. మా అత్త పిల్లోళ్ళతో గుడిసెలోనే ఉండిపాయె. డాక్టరు గుడారంలో బల్ల మీద ఆయన్ను పండబెట్టినారు. డాక్టరు కట్టు చూసి, "విప్పండి" అన్యాడు.

నేను కట్టు మీద చెయ్యి అడ్డం పెడితి. "విప్పగూడదు సార్. నలభై దినాలు కాలేదు. కట్టినాయనే విప్పాల."

"లోపల ఏముందో చూడకుండా నేనెట్లా రాసేదమ్మా?"

"నలభై దినాలు కానీండి సార్, మేమే వచ్చి చూపిస్తాము."

"ఈ రోజే చూడమని నాకు ఉత్తరువు. చూపించుకోనంటే, చూపించుకోనన్నారనే రాయాల."

ఆయన కసురుకోలేదు. కసిరింటే నేనూ తిరగబడి అరిచేదాన్ని, బండి తిప్పుకోని వచ్చేసేదాన్ని. పాపిష్టిదాన్ని, ఆయన మెత్తగా చెప్పేతలికి నాకు ఏం జేయాలో తోచలేదు. మా ఆయన పక్క చూస్తి. "నీ ఇష్టం మే" అన్యాడు. కాలు ఆయనది, ఇష్టం నాదంట! ఇంతలో డాక్టరు కింద పనిచేసే మనిషి కత్తెర తీసుకోని వచ్చె. వాడి చేతులు చూస్తే నాకు భయమాయె. "ఎవురూ ముట్టొద్దు, నేనే విప్తా" అంటి.

తెల్లసొన ఎండి గుడ్డ చెక్క మాదిరి గట్టి పడిపోయింది. నీళ్ళు తగలగూడదన్యాడు ముసలాయన. నీళ్ళు లేకుండా అది ఊడలేదు. చెంబుతో నీళ్ళు పోసి నానబెట్టి, ఒక్కొక్క చుట్టే లాగుతాంటే ఆయన పండ్లు బిగపట్టుకోని గుడారం పైకి చూస్తాండాడు. నా కండ్లలో నీళ్ళు కారతాండాయి. తుడుచుకునేదానికి చేతులు ఖాళీ లేవు.

డాక్టరు రెండు వేళ్ళతో ఒత్తి చూసినాడు. కాలి వేళ్ళు కదిలించమన్యాడు. "ఎవరు కట్టారో గానీ బాగా కట్టారు. ఎముక నేరుగా ఉంది. రెండు నెలల్లో నడుస్తాడు. పెద్దాసుపత్రికి పోయి పిండికట్టు ఏయించుకోండి" అని రాసిచ్చినాడు. నడుస్తాడనే మాటకు నేను ఆయనకు చేతులెత్తి దండం పెట్టినా. ఎంత సంతోషమో ఆ పొద్దు నాకు!

పెద్దాసుపత్రికి పోలేదు. కోసేస్తారనే భయం ఇంగా నాలోనే ఉండాది. ముసలాయన కట్టేటప్పుడు కండ్లారా చూసినా గదా, అదేం బ్రహ్మవిద్యా అనుకుంటి. గుడారం పక్కన బండి నీడలో, అవే బద్దలు, అదే గుడ్డ, నేనే కట్టేస్తి. ఇంటికి వచ్చేలోపల బండి ఎన్ని తూర్లు ఎగిరిపడిందో దేవునికే తెలుసు.

సగం కూలి వచ్చింది. అబద్ధం చెప్పగూడదు, ఆ నెల పిల్లోళ్ళు ఆకలని ఏడవలేదు. కాని ఆయన నొప్పి నొప్పి అంటానే ఉండె. అతుక్కునేటప్పుడు నొప్పి ఉంటాది లే అని నేనే సర్ది చెప్తాంటి. నలభై దినాలు కాంగానే రాజంపేట రైలెక్కితిమి. ముసలాయన కట్టు చూసి, "ఇది నా ముడి కాదు" అన్యాడు. విప్పి చూస్తే ఎముక జరిగి, వంకరగా అతుక్కోని ఉండాది. కాలు నాలుగు వేళ్ళంత పొట్టిదైపోయింది. మళ్ళీ ఇరగ్గొట్టి కట్టాల, అది నా చేత కాదు తల్లీ అన్యాడు.

గుమాస్తా మాత్రం ధైర్యం చెప్పె. "అవిటితనం మిగిలింది గాబట్టి పెద్ద మొత్తం అడగొచ్చు. డాక్టరు విప్పమంటేనే విప్పినామని ఉండేది ఉన్నట్టు చెప్పండక్కా, అదొక్కటి చాలు." దోవ పొడుగునా ఆ మాటే మనసులో అనుకుంటా పోతి. ఇంత బరువు గూడా ఎత్తలేని మనిషికి ఇంగ కూలి యాడ దొరుకుతాది? ఆ మొత్తం వస్తే రెండు పాడి ఎనుములు కొనుక్కోని, చేను కాడికి తిరిగి పోవచ్చు.

అదే గుడారం, అదే డాక్టరు. గుమాస్తా గూడా మా వెంట వచ్చినాడు. ముందు తూరి రాసిన కాగితం తీసి చూసుకున్యాడు. కాలు చూసినాడు. "నేను చూసినప్పుడు నేరుగా ఉండె గదా. పిండికట్టు ఏయించుకోమంటిని. మళ్ళీ ఎవరు కట్టింది?"

నేను నోరు తెరిచే లోపలే మా ఆయన అనేసినాడు: "నేనే కట్టుకుంటి సార్. సరిగ్గా కుదరలేదు."

గుమాస్తా తల పట్టుకున్యాడు. డాక్టరు కలం తీసి రాస్తానే ఉండాడు. "కాదు సార్, నేను కట్టినా, మీరు విప్పమంటేనే విప్పితిమి సార్" అని నేను బల్ల పట్టుకోని అరిస్తి. "ఎవరు కడితే ఏమమ్మా, ఇంట్లో చేసుకున్న పనే గదా" అని ఆయన సంతకం పెట్టేసె. తన చేతులారా చెరుపుకున్యాడని ఆ కాగితంలో రాసినారంట, పెద్ద మొత్తం అట్లే పాయె. నేను ముందర చెప్పింటే వేరే మాదిరి రాసేవాడా?

బండెక్కినాక ఆయన వీపు మీద గుద్దితి. "ఎందుకట్లా చెప్తివి? నీకేం పుట్టింది?"

"అంతమంది మొగోళ్ళలో నిన్ను ఒక మాట అంటాడు గదా మే."

"అంటే అననీ! మాట పడితే సస్తానా?"

ఆయన కాలు సర్దుకుంటా మెల్లగా అన్యాడు: "అమ్మకు గూడా నేనే కట్టుకున్యానని చెప్పినా. నువ్వు కాదనొద్దు."

మా అత్త ఆ తర్వాత తొమ్మిదేండ్లు బతికె. ఆయన కుంటుకుంటా వాకిట్లోకి వచ్చినప్పుడల్లా, "నీ చేతులిరగా, నీ కాలు నువ్వే పాడు జేసుకుంటివి గదరా" అని తిడతానే ఉండె. ఆయన నవ్వి ఊరుకుంటాండె. నేను పొయ్యి ముందర కూచోని, తల ఎత్తకుండా సంగటి కెలుకుతాంటి.