పరీక్ష చేయించుకోని అత్తమ్మ

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త మందులు వాడి చూసిన రోగుల వివరాలతో మేము పట్టికలు తయారు చేస్తాం. ఒక్కో పట్టికకు ఇద్దరు ప్రోగ్రామర్లు. ఒకరి కోడ్ ఇంకొకరు చూడకూడదు. ఎవరికి వాళ్లు మొదటి నుంచి రాసుకోవాలి, చివరికి రెండు జవాబులూ కలవాలి. కలిస్తేనే రెండో మనిషి సంతకం పెట్టాలి. ఆ రెండో మనిషిని నేను. చూసి రాయడమంటే నాకు ఒళ్లుమంట.

ఎల్లారెడ్డి ఊళ్లో అత్తమ్మ ఇంట్లో కూర్చుని ఈ పని చేసుకోవడానికి కంపెనీ ఒప్పుకుని అప్పటికి ఎక్కువ రోజులు కాలేదు. అంతకుముందు హైదరాబాద్‌లో హాస్టల్. మా ఆయన దుబాయిలో, పాప అత్తమ్మ దగ్గర. ఆదివారాలు కామారెడ్డి స్టేషన్‌లో నన్ను రైలెక్కించేటప్పుడు పాప మొదట్లో వెక్కి వెక్కి ఏడ్చేది. తర్వాత ఏడవడం మానేసింది. చెయ్యూపి, అత్తమ్మ కొంగు పట్టుకుని వెళ్లిపోయేది. అప్పుడు నాకు భయం పట్టుకుంది. కాళ్లావేళ్లా పడి ఇంటి నుంచి పనిచేసే అనుమతి తెచ్చుకున్నాను.

అలాంటి సమయంలో ఒక పట్టిక కలవలేదు. రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువున్న రోగులెందరో చెప్పే పట్టిక. హైదరాబాద్ ఆఫీసులోని మొదటి ప్రోగ్రామర్‌కు ఎక్కువమంది వచ్చారు, నాకు తక్కువమంది. అతను పాత సాఫ్ట్‌వేర్‌లో రాశాడు, నేను ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. నా కోడ్ మళ్లీ మళ్లీ చదివాను. మార్చడానికి ఏమీ దొరకలేదు.

మా టీమ్ లీడ్ ఫోన్ చేశారు. "సాయంత్రానికి పంపాలి. అతని కోడ్ తెరిచి, మీది దానికి తగ్గట్టు మార్చి సంతకం పెట్టేయండి."

"చూసి రాస్తే ఇగ నేనెందుకు సార్?"

"ఆఫీసులో ఉంటే పక్కన కూర్చుని తేల్చేసేవాళ్లు. ఊళ్లో కూర్చుంటే ఇదే తలనొప్పి. సోమవారం నుంచి ఇక్కడికే వచ్చేయండి."

మళ్లీ హాస్టల్, మళ్లీ కామారెడ్డి స్టేషన్. అయినా నోరు ఊరుకోలేదు. "రమ్మంటే వస్త సార్. దీనిమీద మాత్రం సంతకం పెట్టను," అని ఫోన్ పెట్టేశాను.

అత్తమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అంతా వింటోంది. "ఏందే, సారుతోటి గట్ల కొట్లాడుతున్నవ్? నౌకరి ఉంచుకుంటవా, ఊడగొట్టుకుంటవా?"

"ఊడితే ఊడనీ అత్తమ్మా."

"రమ్మంటే హైదరాబాద్ పోతనంటివి గద, పోరికి గా ముచ్చట నువ్వే చెప్పు మల్ల. నేనైతే చెప్ప."

ఆ మాట గుచ్చుకుంది. కానీ ఏడుస్తూ కూర్చుంటే పట్టిక కలవదు. ముడి పడినప్పుడు మా ప్రోగ్రామర్లు చేసే పని ఒకటుంది. అసలు రోగుల వివరాలు పక్కనబెట్టి, నాలుగు వరుసల ఉత్తుత్తి వివరాలు తయారుచేసి, తప్పు వాటిలో పుడుతుందేమో చూస్తాం. ఇంటర్నెట్‌లో సాయం అడిగినా ముందు అదే చూపించమంటారు. సరేనని మా ఇంటివాళ్లనే రోగులను చేశాను. అమ్మ, అక్క, బావ, అత్తమ్మ. ముగ్గురికి తోచిన అంకెలు వేసి, అత్తమ్మ గడి ఖాళీగా వదిలేశాను. డాక్టర్ ఎన్నిసార్లు చెప్పినా ఆమె రక్తపరీక్షకు పోతే కదా!

ఎవరి పేర్లు రాస్తున్నావని అత్తమ్మే అడిగితే చెప్పాను. అత్తమ్మ అంతెత్తున లేచింది. "నన్నెందుకు రాసినవే అండ్ల? నాకేం రోగమున్నది?"

ఆర్‌లో నడిపితే అత్తమ్మ సంగతి తెలియదని వచ్చింది. అదే లెక్క పాత సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా రాసి నడిపాను. పరీక్షే చేయించుకోని అత్తమ్మ రక్తం తక్కువున్నవాళ్లలో చేరిపోయింది! ఓరి దేవుడా! ఆ సాఫ్ట్‌వేర్‌కు ఖాళీ గడి అన్ని అంకెలకన్నా చిన్నది. తక్కువున్నవాళ్లను ఏరమంటే ఖాళీలను కూడా ఏరుతుంది. పరీక్షకే రాని రోగులను రక్తం తక్కువున్నవాళ్లని రాసి పంపబోతున్నామన్నమాట.

ఆ నాలుగు వరుసలూ లీడ్‌కు పంపాను. సాయంత్రం ఫోన్ వచ్చింది. "అతను సరిచేశాడు. ఇప్పుడు కలిసింది. మీరే చూసుకుని సంతకం పెట్టండి." మళ్లీ ఆయనే, "సోమవారం రానక్కర్లేదు. అక్కడి నుంచే కానివ్వండి," అన్నారు.

సంతకం పెట్టి, సంతోషం పట్టలేక వాకిట్లో ఆడుకుంటున్న పాప దగ్గరకు పరుగెత్తాను. "నేను సోమారం హైదరాబాద్ పోతలేను బిడ్డా!"

పాప ఆట ఆపి నా ముఖంలోకి చూసింది.

"మరి మంగళారం పోతవా?"